నాగజెముడుకు నీళ్లెవరు పోశారు?

శ్రీకాకుళం, విజయనగరం వీధుల్లోకి మొక్కల బండి వచ్చిందంటే గులాబీలు, మందారాలు, చామంతుల నడుమ ఒక అట్టపెట్టెలో బుల్లి కుండీలు వరసగా పేర్చి కనిపిస్తాయి. ఒకదానిలో బంగారు రంగు ముళ్ల బంతి. ఇంకొకదానిలో పచ్చటి కాండం మీద ఎర్రటి తలపాగా చుట్టినట్టుండే గుండు. 'ఎడారి మొక్కమ్మా, చంపినా చావదు' అంటాడు బండి అబ్బాయి. వేసవిలో కొన్న ఆ మొక్క శ్రావణం దాకా నిలుస్తుంది. వినాయక చవితి నాటికి మొదలు మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. దసరాకు ఖాళీ కుండీ మిగులుతుంది. 'రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాం కదా, ఎందుకు పోయింది?' అని ఇంట్లోవాళ్లు ముఖాలు చూసుకుంటారు.

అదే వాన, అదే ఉక్క, అదే తుపాను సముద్రపు ఒడ్డునా ఉన్నాయి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సాగే తీరంలో ఇసుక దిబ్బల మీద, సరుగుడు తోటల అంచున, పాడుబడిన కంచెల పక్కన నాగజెముడు డొంకలు ఎవరి దయా లేకుండా పెరుగుతాయి. వాటికి చెంబెడు నీళ్లు పోసినవాళ్లు లేరు. గెత్తం వేసినవాళ్లు లేరు. పైగా నరికినవాళ్లు, తగలబెట్టినవాళ్లు ఉన్నారు. అయినా ఎండాకాలం వచ్చేసరికి పసుపు పచ్చని పూలు పూసి, ఆ తరవాత వంకాయ రంగు పళ్లతో నిండుగా నిలబడతాయి.

ఇంట్లో ముద్దుగా చూసుకున్నది కుళ్లింది, ఒడ్డున వదిలేసింది బతికింది. రెండూ ఒకే కుటుంబానికి చెందినవే. తేడా ఎక్కడుందో తెలిస్తే కాక్టస్ పెంపకంలో ముప్పాతిక భాగం తెలిసినట్టే.

పాలు కారితే పరాయిది

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. తెలుగువాళ్లు ముళ్లుండి, ఆకులు లేకుండా, దళసరిగా ఉన్న ప్రతి మొక్కనూ జెముడు కిందే కట్టేస్తారు. ఆకుజెముడు, బొంతజెముడు, బ్రహ్మజెముడు, నాగజెముడు అని పేర్లు బోలెడు. ఊరు మారితే ఒక పేరు ఇంకో మొక్కకు అతుక్కుంటుంది. వీటిలో చాలావాటిని గిల్లితే తెల్లటి పాలు కారతాయి. అవి యుఫోర్బియా జాతివి. ఆముదం, నేల ఉసిరి వీటికి చుట్టాలు. మన నేలమీద అనాదిగా ఉన్నవి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కాబట్టి పిల్లల్ని దగ్గరకు పోనివ్వకూడదు.

నాగజెముడును గిల్లితే పాలు రావు. జిగురు నీరు వస్తుంది. ఇది అసలు సిసలు కాక్టస్. కాక్టస్ కుటుంబమంతా అమెరికా ఖండాల్లో పుట్టింది. రిప్సాలిస్ అనే ఒక చిన్న వేలాడే మొక్క మాత్రం ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా కనిపించి శాస్త్రజ్ఞులను ఇప్పటికీ తికమక పెడుతోంది. మిగిలినవన్నీ కొలంబస్ తరవాత ఓడలెక్కి వచ్చినవే. మిరప, టమాటా, జీడిమామిడి, నాగజెముడు, అన్నీ ఆ రేవునుంచి దిగిన సరుకే. పలాస జీడిపప్పును సొంతం చేసుకున్నంత ప్రేమగా మనవాళ్లు నాగజెముడును చేసుకోలేదు, అంతే.

పడగ విప్పిన పాములా చదునైన అట్టలు ఒకదాని మీద ఒకటి లేస్తాయి కాబట్టి పాత జెముడు మాటకు ముందు 'నాగ' చేర్చి ఉంటారనుకోవచ్చు. శాస్త్రీయ నామం ఒపన్షియా డిల్లెనియై. కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని ఒపన్షియా స్ట్రిక్టా అనే జాతిలో ఒక రకంగా లెక్కిస్తారు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. దీని పుట్టిల్లు నిజానికి నడి ఎడారి కాదు. కరీబియన్ దీవులు, మెక్సికో, ఫ్లోరిడా తీరాల ఇసుక నేలలు. ఉప్పుగాలి, సముద్రపు తుంపర, పల్చటి ఇసుక, అప్పుడప్పుడూ తుపాను, ఇవన్నీ దానికి పుట్టింటి అలవాట్లే. శ్రీకాకుళం తీరంలోని బారువ ఒడ్డున దిగితే కొత్త చోటికి వచ్చినట్టే ఉండదు.

మనం ఆకులనుకునే ఆ అట్టలు ఆకులు కావు, కాండాలు. అసలు ఆకులు కొత్త అట్ట మొలిచినప్పుడు చిన్న చిన్న కొమ్ముల్లా కనిపించి కొద్ది రోజుల్లో రాలిపోతాయి. నీరు ఆవిరైపోయేది ఎక్కువగా ఆకుల నుంచే కాబట్టి ఆకునే వదిలేసుకుంది ఈ మొక్క. పచ్చదనం, ఆహారం తయారీ, నీటి నిల్వ, మూడు పనులూ కాండానికే అప్పగించింది. పైన మైనపు పూత, లోపల జిగురు. అట్ట బరువులో పదింట ఎనిమిది వంతులకు పైగా నీరే.

అట్ట మీద దూరదూరంగా చిన్న చుక్కలుంటాయి. వాటిని ఆరియోల్స్ అంటారు. ముళ్లు, పూలు, కొత్త అట్టలు అన్నీ ఆ చుక్కల్లోంచే పుడతాయి. ముళ్ల మొక్క చేతికి దొరికినప్పుడు అది కాక్టసో కాదో తేల్చే గుర్తు ఇదే. నాగజెముడు చుక్కలో రెండు రకాల ముళ్లుంటాయి. పొడవాటి పసుపు ముళ్లు కంటికి కనిపిస్తాయి కాబట్టి మనిషి జాగ్రత్త పడతాడు. అసలు శత్రువు వాటి మొదట్లో గుబురుగా ఉండే నూగుముళ్లు. కంటికి ఆనని సన్నటి ముళ్లకు వెనక్కు తిరిగిన కొక్కేలుంటాయి. తాకితే ఊడి చర్మంలో దిగుతాయి, గోకితే మరింత లోపలికి పోతాయి. దిగినప్పుడు రుద్దకుండా, అతుక్కునే టేపు ముక్క అంటించి లాగడం మంచి ఉపాయం. కళ్లు నులుముకోవడం మాత్రం పనికిరాదు.

రాత్రిపూట ఊపిరి

వరి, కొబ్బరి, మామిడి పగలు ఆకుల మీది రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఆ రంధ్రాల నుంచే నీరు ఆవిరవుతుంది. కాక్టస్ పగలు తలుపులు బిగించుకుని, చీకటి పడి గాలి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రంతా పీల్చిన బొగ్గుపులుసు గాలిని ఒక పుల్లటి ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. పొద్దున సూర్యుడు వచ్చాక తలుపులు మూసి, దాచిన సరుకు తీసి వంట మొదలుపెడుతుంది. అందుకే దాని నీటి ఖర్చు వరితో పోలిస్తే ఎన్నో రెట్లు తక్కువ.

ఈ రహస్యానికి ఒక కొస మన పక్కనే ఉంది. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి మొక్కల తోట ఉండేది. అక్కడ పనిచేసిన విలియం రాక్స్‌బరో 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాక, ఆ బాధ్యత బెంజమిన్ హైనె అనే జర్మన్ వైద్యుడికి వచ్చింది. ఆయన ఆ తరవాతి రోజుల్లో మనం రణపాల అని పిలిచే మొక్క ఆకును వేళ మార్చి వేళ నమిలి చూశాడు. పొద్దున పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి ఏ రుచీ లేదు. సాయంత్రానికి కాస్త చేదెక్కింది. ఈ వింతను లండన్‌లోని లిన్నేయన్ సొసైటీకి ఉత్తరం రాస్తే 1815లో అచ్చయింది. రాత్రి పోగైన పులుపు పగలు ఖర్చయిపోతోందన్న సంగతిని నాలుకతో పట్టుకున్నాడు హైనె. రణపాల కుటుంబం పేరు క్రాసులేసి. ఆ పేరు మీదనే ఈ రాత్రి ఊపిరి పద్ధతికి ఇరవయ్యో శతాబ్దంలో క్రాసులేసియన్ యాసిడ్ మెటబాలిజం అని పేరు పెట్టారు. పొట్టిగా 'క్యామ్' అంటారు. రణపాల, కలబంద, అనాస, నాగజెముడు అందరిదీ ఇదే దారి. దిష్టికి గుమ్మానికి తలకిందులుగా వేలాడదీసిన కలబంద నేలా నీరూ లేకుండా నెలల తరబడి పచ్చగా ఉండటం వెనక మహిమ కూడా ఇదే.

ఇంత పొదుపరి మొక్కకు రోజూ నీళ్లు పోస్తే ఏమవుతుంది? దాచుకోవడమే తెలిసినదానికి పారబోయడం చేతకాదు. పైపైన విస్తరించే దాని వేళ్లకు నీటితోపాటు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండి రోజుల తరబడి అలాగే ఉంటే వేళ్లకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు చస్తుంది, చచ్చిన వేరులోంచి కుళ్లు తెగులు కాండంలోకి ఎక్కుతుంది. లోపలంతా నీరూ జిగురూ కాబట్టి అడ్డేమీ ఉండదు, వారంలో మొక్క మొత్తం గుజ్జవుతుంది.

దిబ్బ మీది నాగజెముడుకు ఈ బాధ లేదు. తుపాను రోజున ఎంత కుండపోత పోసినా ఇసుకలో నీరు నిలవదు, మర్నాటికి పైపొర ఆరిపోతుంది. ఈ తీరం 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూసింది. తిత్లీ ఉద్దానం కొబ్బరిని ఎలా నేలమట్టం చేసిందో అక్కడివాళ్లు ఇంకా మరిచిపోలేదు. గాలికి నాగజెముడు అట్ట విరిగినా అది నష్టపోయినట్టు కాదు. విరిగి పడిన చోటే వేరు తన్నుకుని ఇంకో డొంక మొదలవుతుంది.

ఎడారి కాక్టస్‌లకు పేరుపడ్డ అమెరికా ఆరిజోనాలోని టూసాన్ నగరంలో ఏడాది పొడవునా కురిసే వాన 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెయ్యి దాటుతుంది. అందులో పెద్ద వాటా జూన్ నుంచి అక్టోబరు లోపలే పడుతుంది. అంటే ఇక్కడ ఎడారి మొక్కను చంపేది ఎండ కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె దానికి పండగే. గండమల్లా ఆషాఢం నుంచి కార్తీకం దాకా.

ఎర్ర రంగు కోసం వచ్చి

నాగజెముడు, దాని అన్నదమ్ములు మన దేశంలో ఇంతగా అల్లుకోవడం వెనక ఒక పురుగు కథ ఉంది. మెక్సికోలో కాక్టస్ అట్టల మీద పెంచే కాచినీల్ పురుగును ఎండబెట్టి నూరితే కళ్లు చెదిరే ఎరుపు వస్తుంది. ఆ వ్యాపారం శతాబ్దాలపాటు స్పెయిన్ గుప్పెట్లో ఉండేది. ఇంగ్లీషు అధికారుల ఎర్రకోట్లకు అదే రంగు. ఆ సొమ్మేదో మనమే సంపాదించుకుందామని 1780లలో మద్రాసులో కంపెనీ వైద్యాధికారి జేమ్స్ ఆండర్సన్ పట్టుబట్టి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, సైదాపేట దగ్గర కాక్టస్ తోటే వేయించాడు.

1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్‌లోని రియో డి జనీరో నుంచి పురుగుల్ని కలకత్తా చేర్చాడు. తీరా చూస్తే అది మేలురకం కాదు, దాని నాసిరకపు దాయాది. రంగు అంతంతమాత్రం. ఆకలి మాత్రం జాస్తి. ఒక రకం ఒపన్షియాను అది ఊడ్చిపెట్టేసింది. రంగు వ్యాపారం మునిగింది గానీ, పురుగుతో కలుపు మొక్కను అదుపు చేయవచ్చన్న సంగతి ప్రపంచానికి తెలిసింది. 1836–38 మధ్య ఆ పురుగును కావాలనే దక్షిణ భారతానికి తెచ్చి వదిలారు.

అయితే అది నాగజెముడును ముట్టుకోలేదు. పురుగుకూ కులగోత్రాల పట్టింపు ఉంటుంది మరి, తనకు నచ్చిన జాతి తప్ప ఇంకొకటి తినదు. నాగజెముడు పొలాలను, బీళ్లను కమ్మేస్తుంటే 1926లో శ్రీలంక నుంచి ఇంకో రకం కాచినీల్ పురుగును దక్షిణ భారతానికి తీసుకొచ్చారు. కొన్నేళ్లలోనే వేల ఎకరాల డొంకలు ఎండిపోయాయి. ఇప్పుడు మనకు కంచెల పక్కన అక్కడక్కడా కనిపించేవి ఆ దండయాత్రలో మిగిలినవాటి సంతానం. నాగజెముడు అట్ట మీద దూదిపింజలు అంటుకున్నట్టు తెల్లగా కనిపిస్తే పుల్లతో ఒకటి నలిపి చూడండి. రక్తంలాంటి ఎరుపు కారుతుంది. స్పెయిన్ రాజులు కాపలా కాసిన రంగుకు అది బంధువే.

ఆస్ట్రేలియా అనుభవం ఇంతకన్నా ఘోరం. అక్కడ 1925 నాటికి దాదాపు ఆరు కోట్ల ఎకరాలను ఒపన్షియా ఆక్రమించింది. చివరకు అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మెటను తెచ్చి వదిలితే దాని గొంగళిపురుగులు డొంకల్ని తొలిచేశాయి. క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గా అనే ఊళ్లో రైతులు ఆ చిమ్మెట పేరు మీద ఏకంగా ఒక సభాభవనం కట్టుకున్నారు. పురుగుకు కృతజ్ఞతగా కట్టిన భవనం ప్రపంచంలో ఇంకెన్ని ఉంటాయి!

ఈ చరిత్రంతా చెప్పడం ఎందుకంటే, నాగజెముడును పెంచాలనుకునేవారు దాన్ని కుండీలో గానీ కంచె వరసలో గానీ కట్టడిలోనే ఉంచాలి. కత్తిరించిన అట్టల్ని చెత్తతోపాటు చెరువు గట్టున, బంజరులో పారేయకూడదు. ఒక్క అట్ట చాలు. బాగా ఎండబెట్టి తగలబెట్టడమో, లోతుగా పాతిపెట్టడమో చేయాలి.

పెంచడమెలా

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టడం మంచిది. వానలకు ముందు నాలుగైదు నెలల పొడి కాలం దొరుకుతుంది. వేరు పట్టి మొక్క గట్టిపడటానికి అది చాలు. పురుగు, మచ్చ లేని ఏడాది వయసు అట్టను ఎంచుకుని, పట్టకారుతో గానీ నాలుగు మడతలు వేసిన దినపత్రికతో గానీ పట్టుకుని, రెండు అట్టలు కలిసే కణుపు దగ్గర పదునైన కత్తితో కోయాలి. తోలు చేతితొడుగులు వాడినా నూగుముళ్లు వాటికే గుచ్చుకుని తరవాత చేతికి అంటుతాయి, అందుకే కాగితం మేలు.

కోసిన వెంటనే నాటడం అందరూ చేసే పొరపాటు. కోసిన చోటు పచ్చి గాయం. దాన్ని నీడలో గాలి తగిలే చోట పదిరోజులు ఆరనివ్వాలి. కోత మీద గట్టి పొర, పక్కు కట్టినట్టు, ఏర్పడాక అప్పుడు ఇసుకపాలు ఎక్కువున్న మట్టిలో మూడో వంతు దిగేలా నిలబెట్టాలి. పడిపోకుండా చుట్టూ నాలుగు రాళ్లు పెడితే చాలు. మరో వారం దాకా చుక్క నీరు వద్దు. మూడు నాలుగు వారాలకు మెల్లగా కదిపి చూస్తే పట్టు తెలుస్తుంది. ఎండాకాలం ముగిసేలోపు పైఅంచున చిటికెన వేలి గోరంత పచ్చటి మొగ్గలు కనిపిస్తాయి. రాలిపోయే ఆ బుల్లి ఆకుల్ని చూసే అవకాశం అప్పుడే.

మట్టి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. తీరంలో ఇసుక నేలలున్నవారు నేలలోనే వేయవచ్చు. వరి పండే బంకమన్ను, నల్లరేగడి ఉన్నచోట నేలలో గుంత తీసి నాటితే ఆ గుంతే బావి అవుతుంది. మోకాలెత్తు దిబ్బ పోసి, దాని మీద నాటాలి. కుండీకైతే నాగావళిలోనో వంశధారలోనో దొరికేలాంటి ముతక ఇసుక సగం, ఎర్రమట్టి పావు, మిగిలిన పావులో చిన్న కంకరా ఇటుక ముక్కలూ. బాగా చివికిన గెత్తం ఒక గుప్పెడు చాలు. ఎక్కువ వేస్తే మొక్క నీరు పట్టి లావెక్కి, మెత్తబడి తెగులుకు లొంగుతుంది. సముద్రపు ఇసుక ఉచితమే గానీ కుండీకి పనికిరాదు. అందులోని ఉప్పు చిన్న కుండీలో పేరుకుపోతుంది. నాగజెముడు తట్టుకుంటుంది, కొనుక్కొచ్చిన బుల్లి కాక్టస్ తట్టుకోదు.

ఆ బుల్లి కాక్టస్‌ల విషయంలో మొట్టమొదట చేయాల్సిన పని ఒకటుంది. నర్సరీల నుంచి వచ్చే మొక్కలు తరచుగా కొబ్బరిపొట్టులో పెరిగి ఉంటాయి. తేలిగ్గా ఉంటుంది, లారీలో మోయడం సులువు, నర్సరీవాళ్ల లెక్క ప్రకారం నీళ్లు కొడతారు కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది. మన ఇంట్లో అదే పొట్టు స్పాంజిలా నీరు పట్టుకుని వదలదు. అందుకే కొన్న వారంలోనే కుండీ తిరగేసి, వేళ్లకున్న పొట్టు విదిలించి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, పైన చెప్పిన ఇసుకమట్టిలోకి మార్చాలి. మట్టి కుండీ అయితే మరీ మంచిది, దాని గోడలు కూడా తేమను బయటికి లాగేస్తాయి. రంగుల పింగాణీ గిన్నెలు అందంగా ఉంటాయి గానీ అడుగున రంధ్రం లేకపోతే అవి మొక్కకు సమాధులే. కుండీ మొక్కకన్నా రెండంగుళాలు వెడల్పుంటే చాలు. పెద్ద కుండీలో ఎక్కువ మట్టి, ఎక్కువ మట్టిలో ఎక్కువ తడి.

నీళ్లెప్పుడు పోయాలన్నదానికి క్యాలెండరు కన్నా అగరుపుల్ల నయం. కుండీలోకి అడుగుదాకా గుచ్చి తీస్తే తడి మట్టి అంటుకుంటుందో లేదో తెలిసిపోతుంది. పొడిగా వస్తేనే పోయాలి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి. రోజూ గుటకెడు కంటే పదిహేను రోజులకోసారి కడుపునిండా అన్నమాట. ఏప్రిల్, మే నెలల్లో పది రోజులకోసారి అవసరం రావచ్చు. డిసెంబరు, జనవరిలో నెలకోసారి కూడా ఎక్కువే. వానాకాలంలో అసలు అక్కర్లేదు. దాచుకున్న నీరే సరిపోతుంది. కుండీలను చూరు కిందికో, బాల్కనీ లోపలికో, తడవని చోటికి జరపాలి. చీకటి గదిలో మాత్రం పెట్టకూడదు. వెలుతురు లేకపోతే బంతిలా ఉండాల్సింది పాలిపోయి సొరకాయలా సాగుతుంది, ఆ వంకర మళ్లీ సరికాదు.

షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను ఒక్కసారిగా మే నెల మేడ మీద పెడితే ఎడారి మొక్కయినా చర్మం మాడి తెల్లటి మచ్చలు పడతాయి. పొద్దుటి ఎండతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో అలవాటు చేయాలి. పిండినల్లి పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయాలి. మొదలు కుళ్లినట్టు అనుమానం వస్తే వెంటనే పైకి తీసి, లోపల గోధుమ రంగు మచ్చ లేని శుభ్రమైన భాగం వచ్చేదాకా కోసి, గంధకం పొడి అద్ది ఆరబెట్టి మళ్లీ నాటవచ్చు. పైనుంచి కుళ్లితే మొక్క దక్కుతుందని గ్యారంటీ లేదు.

బండి మీద కనిపించిన బంగారు ముళ్ల బంతి పేరు గోల్డెన్ బ్యారెల్. పడమటి దేశాల్లో వేళాకోళానికి 'అత్తగారి పీట' అంటారు. అలా పిలిచే కోడళ్లను ఎవరైనా ఊహించుకోవచ్చు. చాలా నెమ్మది మనిషి. పూత చూడాలంటే పదిహేను ఇరవై ఏళ్లు ఆగాలి. ప్రపంచమంతా కుండీల్లో కోట్లలో ఉన్నా, పుట్టినచోట ఇది అంతరించే ముప్పులో ఉంది. మధ్య మెక్సికోలో అది పెరిగే లోయల్లో పెద్ద భాగం 1990లలో జిమాపాన్ ఆనకట్ట కట్టినప్పుడు జలాశయం కింద మునిగిపోయింది. అక్కడా దాని ప్రాణం తీసింది నీళ్లే.

ఎర్ర తలపాగా మొక్క సంగతి వేరు. అది ఒక మొక్క కాదు, రెండు. పైనున్న ఎర్రగుండు పచ్చదనం లేకుండా పుట్టిన వికృతి. తన ఆహారం తాను వండుకోలేదు. 1940ల మొదట్లో జపాన్‌లో ఇలాంటి పిల్లమొక్కల్ని గుర్తించి, ఆకుపచ్చని ఇంకో కాక్టస్ మీద అంటుకట్టి బతికించారు. కింది కాండం సాధారణంగా డ్రాగన్ ఫ్రూట్ జాతిది. రెండిటి పెరుగుదలా కలవదు కాబట్టి ఎంత బాగా చూసినా కొన్నేళ్లకు మించి నిలవడం కష్టం. అది చనిపోతే పెంచినవారి తప్పని బాధపడనక్కర్లేదు.

డ్రాగన్ ఫ్రూట్ మాటొచ్చింది కాబట్టి, అదీ కాక్టసే. 2021లో గుజరాత్ ప్రభుత్వం దానికి 'కమలం' అని పేరు పెట్టింది. కానీ అది ఎడారి మొక్క కాదు, మధ్య అమెరికా అడవుల్లో చెట్లెక్కి పాకే రకం. స్తంభం, పైన చక్రం, క్రమం తప్పని తడి అడుగుతుంది. దాని సాగు నియమాలు నాగజెముడుకు వర్తింపజేస్తే మళ్లీ కుళ్లు మొదటికొస్తుంది. పశువుల మేతకని జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క ప్రాంత పరిశోధన సంస్థ వంటివి పరీక్షిస్తున్న ముళ్లు లేని ఒపన్షియా మాత్రం నాగజెముడుకు దగ్గరి చుట్టమే, అట్ట నాటే పద్ధతీ ఇదే. కరవు కాలంలో మామూలు జెముడు ముళ్లను మంటమీద కాల్చి పశువులకు వేసిన రోజులు దేశంలో చాలాచోట్ల ఉన్నాయి.

నాటిన నాగజెముడు రెండో మూడో ఏట పూస్తుంది. పువ్వు విచ్చినప్పుడు నిమ్మపండు పసుపు, వాడేటప్పుడు నారింజ. తరవాత పచ్చటి కాయ, అది ముదిరి వంకాయ రంగుకు తిరిగేసరికి పండు. పొలాలమ్మట తిరిగిన పాత తరం పిల్లలకు దాన్ని తినే పద్ధతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పుల్లతో పొడిచి కోసి, ఇసుకలో వేసి చెప్పుకాలితో అటూ ఇటూ దొర్లిస్తే నూగుముళ్లు రాలిపోతాయి. నిప్పుల మీద ఒక్క తిప్పు తిప్పితే మిగిలినవీ మాడిపోతాయి. తొక్క చీల్చితే లోపల బీట్‌రూట్‌లో ఉండేలాంటి రంగు, తియ్యటి పుల్లటి గుజ్జు, దాని నిండా రాళ్లలాంటి గింజలు. రెండు మూడు పళ్లయితే సరదా, గింజలతో సహా పది మింగితే మర్నాడు కడుపు బిగుస్తుంది. ఇంట్లో తెలియకుండా తిందామన్నా కుదరదు. పెదాలు, నాలుక, చొక్కా ముందుభాగం అన్నీ సాక్ష్యం చెబుతాయి.